తమ్ముడి మీద గులాబీ

కడియం రోడ్డు మీద ఆటోలో పోతుంటే, నర్సరీల దగ్గరికొచ్చేసరికి పశువుల గెత్తం కలిపిన తడి ఒండ్రు వాసన ముక్కుకి కొడుతుంది. మా అమ్మ చేతుల వాసన అదే. సబ్బుతో రుద్దినా పోయేది కాదు.

అమ్మా నాన్నా కామందు గారి గులాబీ తోటలో పనిచేసేవారు. నాన్న అంటు కట్టేవాడు. అడివి గులాబీ మొదలుకి గాటు పెట్టి, మంచిజాతి కొమ్మ మీది మొగ్గకన్ను అందులో దూర్చి, అరటినారతో చుట్టేవాడు. అంటు కింద నుంచి అడివి పిలక లేస్తే కోసెయ్యడం అమ్మ పని. పిలకని వదిలేస్తే పైనున్న మంచిజాతి చచ్చిపోతుంది. అప్పట్లో ఆ తోటలో పరదేశపు రకం ఒకటుండేది. రేకు లోపల నెత్తురెరుపు, వెనక పసుపు, కాడకొకటే పువ్వు. క్రిస్మస్ చలికి అది అరచెయ్యంత విచ్చుకుంటే, పెద్దాపురం షావుకార్ల ఆడవాళ్లు కార్లేసుకొచ్చి, పసుపుకుంకుమ గులాబీ అని వాళ్లే పేరుపెట్టి కొనుక్కుపోయేవారు.

కజ్జికాయ ఇస్తే లోపలి కొబ్బరి తినేసి డొల్ల నా చేతిలో పెట్టే వెధవ, నా తమ్ముడు ఏసుదాసు, వానాకాలం జ్వరంలో పోయాడు. నాన్న కామందు గారినడిగి ఆ రకం మొక్క తెచ్చి సమాధి మీద పాతాడు. ఈస్టరు తెల్లారగట్ల పేటంతా కొవ్వొత్తులూ బంతిపూలూ పట్టుకుని సమాధుల దగ్గరికొచ్చేసరికి, వాడి మీద ఎరుపూ పసుపూ కలిసిన పువ్వు దానంతటదే పూసి ఉంది.

మరుసటి వానలకి అంటు కింద నుంచి పిలక లేచింది. నాన్న కత్తి తీస్తే అమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు మావా. కింద నుంచి వత్తన్నాడు."

"వాడేంటే? అది అడివి మొదలు. ఉంచితే పై పువ్వు చచ్చిపోద్ది."

"చావనీ. పైది కామందు గారిది. ఇది నా పిల్లోడి దగ్గర్నుంచొచ్చింది."

మా మేనత్త దెప్పింది: "రోజల్లా తోటలో పిలకలు కోసే మనిషివి, ఇది కనపళ్లేదా వదినా?"

"కనపడింది కాబట్టే వదినా" అంది అమ్మ.

పిలక మనిషెత్తు లేచింది. పసుపుకుంకుమ పువ్వు ఏటేటా చిన్నదై, ఒక ఈస్టరుకి ఎండుపుల్లయింది. నాన్న ఆ తరవాత సమాధుల గేటు బయటే నిలబడేవాడు. అమ్మ మాత్రం నన్ను ఆ పొద పక్కన నిలబెట్టి, బతికుంటే నిన్ను దాటేసేవాడే అనేది. గౌను ముల్లుకి పట్టుకుంటే తమ్ముడే లాగాడనుకునేదాన్ని.

ఇప్పుడు ఆ రకం ఏ నర్సరీలోనూ లేదు. అడిగితే సెల్లులో బొమ్మలు చూపిస్తారు, ఏదీ ఆ రంగు కాదు. కామందు గారి తోటలో కల్యాణమండపం లేచింది. అమ్మా నాన్నా వాడి పక్కనే ఉన్నారు. శిలువ మీద వాడి పేరు నేను చదవగలిగింది, తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నాకే. అడివి పొద ముగ్గురినీ కప్పేసింది, వాసన లేని తెల్లటి చిన్న పూలతో.

మొన్న సమాధులు బాగుచెయ్యడానికొచ్చిన చర్చి కమిటీ ఆయన, "ఈ పొద కొట్టించేద్దామా మామ్మగారూ" అనడిగాడు.

"అది మా తమ్ముడండి. చుట్టూ తుడవండి, చాలు" అన్నాను.