గోడమీది ఎర్రగీత

పశ్చిమ జర్మనీలో మా పోస్టాఫీసులో నా పక్క కౌంటర్ హిల్ట్రుడ్‌ది. బాంబులతో విప్లవం తెస్తామన్న కుర్రాళ్ల ఫోటోలతో పోలీసుల పోస్టరు మా గోడకు ఉండేది. ఎవరు దొరికినా, చచ్చినా ఆ ముఖంమీద ఎర్రగీత కొట్టడం ఆమె పని. ఒక ఉదయం, ఆ పోస్టరులోనే ఉన్న ఆమె తమ్ముడు ఫోల్క్‌మార్ పోలీసు తూటాకు పోయాడని కబురొచ్చింది.

"నేను కొట్టనా, హిల్ట్రుడ్?" అన్నాను.

"నా పని నేనే చేసుకుంటాను."

నలభై ఏళ్లకు అదే పోస్టరు మ్యూజియంలో అద్దం వెనక్కి చేరింది. చూడ్డానికి ఇద్దరం వెళ్లాం. ఎర్రనక్షత్రం టీషర్టు వేసుకున్న ఒక అమ్మాయి ఫోల్క్‌మార్ ముఖంమీది గీత చూసి మురిసిపోయింది. "ఈ గీతలో ఎంత కసి ఉందో! ఏ ఆర్టిస్టు గీశాడో!"

"కసీ లేదు, కాకరకాయా లేదు," అంది హిల్ట్రుడ్. "నేను వాడి అక్కని. వంకర పోతే పోస్టుమాస్టరు తిడతాడని స్కేలు పెట్టి గీశాను."