గంట బాబాయి ఎవరినీ గెలవనివ్వడు

గంట బాబాయికి షుగరు లేదు, బీపీ లేదు, కీళ్ళనొప్పులు లేవు. ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు. ఈ కాలం బాక్సర్లని ఎవరినీ గెలవనివ్వడు.

రింగులో ఎవరైనా గెలవచ్చు. నడుముకి బంగారు బెల్టు కట్టుకోవచ్చు, కెమెరాల ముందు పళ్ళు ఇకిలించవచ్చు. ఆ వైభవమంతా సంగతి బాబాయి చెవిన పడేదాకానే. చెవిన పడగానే ఆ గెలిచినవాడి మెడపట్టుకుని నలభై ఏళ్ళ వెనక్కి ఈడ్చుకుపోతాడు. అక్కడ ఒక రైల్వే గుమాస్తానో, ఒక ఎడమచేతి టైలరో చొక్కా విప్పుకుని సిద్ధంగా ఉంటాడు. మూడు రౌండ్లలో పని అయిపోతుంది. పాపం, ఆ ఛాంపియన్‌కి తాను ఓడిపోయిన సంగతే తెలియదు. ఎక్కడో సముద్రాల అవతల మెత్తటి పరుపు మీద హాయిగా నిద్రపోతూ ఉంటాడు.

అలాగని బాబాయి బాక్సరు కాదు. జన్మలో ఎవరినీ కొట్టిన పాపాన పోలేదు. ఆయన కొట్టింది గంట. పోటీల్లో రింగు పక్కన కుర్చీ వేసుకుని, రౌండు మొదలైనప్పుడొకసారి, ముగిసినప్పుడొకసారి గంట కొట్టడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం పోయి చాలాకాలమైంది. పేరు మాత్రం అంటుకుపోయింది. ఇప్పుడు ఆయన పనల్లా రోజూ సాయంత్రం అన్నగారి కూతురు నడిపే బాక్సింగ్ జిమ్‌కి వచ్చి కూర్చుని, అక్కడ చెమటోడుస్తున్న పిల్లలందరినీ పేరుపేరునా ఓడించడం.

ఆ అన్నగారి కూతుర్ని పిల్లలు కోచమ్మ అంటారు. కోచమ్మ అలిసిపోయిన మనిషి. సాయంత్రానికి అలిసిపోవడం అందరూ చేసేదే, కోచమ్మ పొద్దున జిమ్ తాళం తీసేటప్పటికే అలిసిపోయి ఉంటుంది. జిమ్ కప్పు కారుతుంది. కారేది మూలనా గోడవారనా కాదు, సరిగ్గా రింగు నడిమధ్యన. పంచింగ్ బ్యాగులు వారానికొకటి పొట్ట పగిలి పేలికలు కక్కుతాయి. మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి మొరాయిస్తాయి. ఇవన్నీ చాలవన్నట్టు పైన బాబాయి.

"ఏమ్మా, ఆ టీవీలో వాడెవడు?"

"ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ బాబాయ్."

"మన రైల్వే గుమాస్తా చేతిలో అయిపోతాడు."

"గుమాస్తాగారు యాభై కిలోలైనా ఉండేవారు కాదు కదా బాబాయ్. వీడు నూటపది."

"అయితే ఏంటి? బరువు బస్తాలకి కావాలి. గుద్దుకెందుకు?"

ఈ తర్కంతో వాదించే ఓపిక కోచమ్మకి లేదు. రింగులో పడిన చినుకుల్ని తుడవడానికి మాప్ తీసుకుని వెళ్ళిపోతుంది.

బాబాయి దృష్టిలో ఇప్పటివాళ్ళ దగ్గరున్న ప్రతి వస్తువూ మోసమే. పళ్ళు రాలకుండా నోట్లో పెట్టుకునే రబ్బరు కట్టు మోసం. మెత్తటి బూట్లు మోసం. డబ్బాల్లో వచ్చే ప్రోటీన్ పొడి మోసం. ఒకరోజు ఎవరో కుర్రాడు రాత్రుళ్ళు బాగా నిద్రపోవాలని కోచమ్మ చెప్పిందన్నాడు. బాబాయి నిర్ఘాంతపోయాడు. "నిద్రపోతారా! ఆ టైలరు పగలంతా బట్టలు కుట్టి, పొద్దుగూకాక వచ్చి, రెండు ఆవలింతలు తీసి, మూడో ఆవలింత మధ్యలో అవతలివాణ్ణి పడగొట్టేవాడు. నిద్రట, నిద్ర!"

ఒకసారి పన్ను పీకించడానికి ఆయన్ని కోచమ్మే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు మంచివాడు. మాటవరసకి, "బాక్సింగంటే నాకూ ఇష్టమేనండీ, ఇప్పటి కుర్రాళ్ళు భలే ఆడుతున్నారు" అన్నాడు. అంతే. నోట్లో దూది, దవడలో మత్తు, అయినా బాబాయి ఆగలేదు. టైలరు ఊడిన పన్ను జేబులో వేసుకుని మిగతా రౌండ్లు ఎలా ఆడాడో చేతులు తిప్పుతూ వర్ణించాడు. బయట కూర్చున్నవాళ్ళు లోపలినుంచి వచ్చే ఆ మూలుగులూ కేకలూ విని ఒక్కొక్కరే లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. చివరికి డాక్టరు కోచమ్మని పక్కకి పిలిచి, "వచ్చేసారి మత్తు కాస్త ఎక్కువ ఇస్తానమ్మా, నాలిక్కి కూడా" అన్నాడు.

గుమాస్తా అయినా, టైలరైనా బాబాయికి మొదటి వరస సిపాయిలు మాత్రమే. అసలు రాజు వేరే ఉన్నాడు. ఆయన పేరు గోడ. ఎవరెంత కొట్టినా కిందపడలేదు కనక ఆ రోజుల్లో జనం పెట్టిన పేరు. మిగతావాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. గోడ ఒక్కడు మిగిలాడు. కోచమ్మకి చిన్నప్పటినుంచీ గోడ మామయ్య. ఆ రోజుల్లో తిన్న గుద్దులు ఇప్పుడు తీరిగ్గా పనిచేస్తున్నాయి. చేతులు వణుకుతాయి. కొన్ని రోజులు అందరినీ గుర్తుపడతాడు, కొన్ని రోజులు కోచమ్మని చూసి, "మీ నాన్న ఇంకా రాలేదేం?" అంటాడు. ఆ నాన్న పోయి చాలా ఏళ్ళయింది. బాబాయే రోజూ ఆయన ఇంటికి వెళ్ళి, చెయ్యిపట్టుకుని నడిపించుకొచ్చి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎడమవైపు కూర్చుని మొదలుపెడతాడు.

"ఒరేయ్, నిన్న టీవీలో ఆ పొడుగువాణ్ణి చూశావుగా. నీ ముందు ఎన్ని రౌండ్లు?"

గోడ మామయ్య ఆలోచించి రెండు వేళ్ళు చూపిస్తాడు. బాబాయి జిమ్ అదిరేలా, "రెండెందుకురా, ఒకటి చాలు!" అంటాడు.

ఇదంతా కోచమ్మ ఎలాగో భరించేది. పిడుగు భరించలేకపోయింది.

పిడుగు ఆ జిమ్‌లో అందరికంటే గట్టి పిల్ల. బస్సు డ్రైవరు కూతురు. కాళ్ళు ఎప్పుడు కదులుతాయో కంటికి కనపడదు, ఎడమచేతి గుద్దు మాత్రం తగిలినవాళ్ళకి బాగా కనపడుతుంది. ఆ పిల్ల నగరంలో పెద్ద పోటీకి తయారవుతోంది. ఒకరోజు సాధనలో తనకంటే బరువైనవాళ్ళని ఇద్దరిని అలిసిపోయేలా చేసి, రొప్పుతూ తాళ్ళకి ఆనుకుంది. జిమ్ అంతా చప్పట్లు కొట్టింది.

"బాగానే ఉంది," అన్నాడు బాబాయి, కిటికీ దగ్గర్నించి అందరికీ వినపడేలా. "కానీ మా గోడ ముందైతే ఈ గెంతులన్నీ రెండో నిమిషానికి ఆగిపోతాయి."

పిడుగు గ్లవుజులు విప్పి నేలకేసి కొట్టింది. సరాసరి కోచమ్మ గదిలోకి వచ్చింది.

"మేడమ్, నేను వేరే జిమ్‌కి పోతాను."

"ఏమైందే?"

"బయట గెలుస్తాను, ఇక్కడికొచ్చి ఓడిపోతాను. ఎంతమందిని కొట్టినా ఆ తాతగారి దగ్గర నాకు ఓటమే. ఎప్పుడో ఆడినవాళ్ళతో నేనెలా ఆడను మేడమ్? వాళ్ళని తిరిగి కొట్టడానికి లేదు కదా!"

ఆ పిల్ల పోతే జిమ్‌కి ఇక మిగిలేది కారే కప్పే. కోచమ్మ లేచింది. కోపం తెచ్చుకుందామనుకుంది గానీ, దానిక్కూడా ఓపిక కావాలి. బాబాయిని వరండాలోకి పిలిచింది.

"బాబాయ్, నీకు దండం పెడతాను. ఈ పోలికలు ఆపెయ్. పిల్లలు బెంబేలెత్తిపోతున్నారు. నీ మాటల దెబ్బ రింగులో దెబ్బకంటే గట్టిగా తగులుతోంది. ఆపలేనంటే కొన్నాళ్ళు రాకు."

బాబాయి వాదిస్తాడనుకుంది. గుమాస్తాని పిలుస్తాడనుకుంది. ఆయన మాత్రం ఒకసారి కిటికీ వైపు చూసి, "అట్లాగే తల్లీ. అనను," అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసరికి కోచమ్మకి ఆనందించాలో అనుమానించాలో తెలియలేదు.

తర్వాత జిమ్ ప్రశాంతంగా ఉంది. బ్యాగుల మీద గుద్దుల చప్పుడు, తాడు గెంతే చప్పుడు, చినుకు చప్పుడు, అంతే. బాబాయి గోడ మామయ్యని తీసుకొచ్చి కూర్చోబెట్టేవాడు. ఏదో వాతావరణం గురించి మాట్లాడేవాడు. గోడ మామయ్య కాసేపు విని, గడ్డం ఛాతీ మీదికి వాల్చి కునికిపాట్లు పడేవాడు. టీ చల్లారిపోయేది. ఒకసారి లేచి, "ఇదేం ఊరు? నన్ను ఇంటికి తీసుకుపోండి," అన్నాడు. కోచమ్మ చూసింది, పెద్దతనం అనుకుంది, తన పనిలో తాను పడిపోయింది.

పెద్ద పోటీ రోజు రానే వచ్చింది. గోడ మామయ్యని ఆయన కూతురు ఏవో పరీక్షలకి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బాబాయి ఒక్కడే వచ్చి జనంలో కూర్చున్నాడు. పిడుగు ఆడుతున్నంతసేపూ ఆయన రెండు పిడికిళ్ళూ బిగించి, ఆ పిల్ల పక్కకి తప్పుకుంటే తానూ పక్కకి వంగి, ఆ పక్కనున్నావిడ చేతిసంచీని రెండుసార్లు పడగొట్టాడు. పిడుగు గెలిచింది. గెలవడమంటే అలా ఇలా కాదు, అవతలి పిల్ల కొట్టిన ప్రతి గుద్దూ గాల్లోకే పోయింది.

బట్టలు మార్చుకునే గది బయట నడవాలో అందరూ పిడుగుని ఎత్తి దింపారు. ఆ సంబరం కాస్త సద్దుమణిగాక, గోడవార నిలబడ్డ బాబాయి ఆ పిల్ల కంట్లో పడ్డాడు. లోపల దాచుకున్న మంటంతా పైకొచ్చింది.

"చెప్పండి తాతగారూ. మీ గోడ తాత అయితే నన్ను ఎన్నో రౌండులో పడగొట్టేవారు?"

బాబాయి నడవాలో అటు చూశాడు, ఇటు చూశాడు.

"వాడు రాలేదుగా?"

"ఆసుపత్రిలో ఉన్నారు కదా బాబాయ్. నీకు తెలుసుగా."

"తెలుసు. అయినా చూసుకోవాలి." ఆయన గొంతు తగ్గించాడు. "పిచ్చిపిల్లా, వాడు నిన్ను పడగొట్టడమేంటి? రెండో రౌండుకల్లా నువ్వే వాణ్ణి పడుకోబెట్టేస్తావు. వాడికి కాళ్ళు కదపడం ఎప్పుడొచ్చిందనీ! ఎడమచెయ్యి ఎప్పుడూ కిందే. మొహం మీదికి వచ్చిన ప్రతి గుద్దూ సంతకం పెట్టి మరీ తీసుకునేవాడు."

అందరూ దగ్గరికి జరిగారు.

"మరి గుమాస్తా?" అంది కోచమ్మ.

"పీచుమిఠాయి. గట్టిగా తుమ్మితే పడిపోయేవాడు." బాబాయి నిట్టూర్చాడు. "గోడ పడలేదు, పడలేదు అని జనం చప్పట్లు కొట్టారమ్మా. నాలుగుసార్లు పడి, లేవకుండా పడుకునుంటే ఇవాళ టీ గ్లాసు ఒలక్కుండా పట్టుకునేవాడు. నువ్వు తప్పుకుంటావు చూడు, అదీ ఆటంటే. వాడికి ఎవరూ నేర్పలేదు."

పిడుగు కోపం ఎటు పోయిందో పోయింది. "మరి రోజూ అలా ఎందుకంటారు తాతగారూ?"

"వాడికి పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు. కూతురి పేరు కూడా ఒక్కోరోజు గుర్తురాదు. కానీ ఒరేయ్, ఫలానావాడి మీద నువ్వే గెలుస్తావురా అన్నాననుకో, అది మాత్రం పడుకునేదాకా ఉంటుంది. ఆ రోజు అన్నం సరిగ్గా తింటాడట, కూతురు చెప్పింది."

"అది మెల్లిగా చెప్పచ్చు కదా బాబాయ్, జిమ్ ఎగిరిపోయేలా అరవాలా!"

"ఏం చెయ్యనమ్మా, వాడికి కుడిచెవి బొత్తిగా పనిచెయ్యదు. ఎడమచెవి సగం."

కోచమ్మ అక్కడున్న బల్లమీద కూలబడింది. ఇన్నేళ్ళుగా పేరుకున్న అలసటలో సగం ఈయన వల్లే అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ సగం ఎవరి ఖాతాలో వెయ్యాలో తోచలేదు.

మర్నాడు సాయంత్రం బాబాయి గోడ మామయ్యని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఇచ్చిన మాట ప్రకారం ఎండల గురించి మొదలుపెట్టాడు. పిడుగు సాధన ఆపి, రింగు దిగి, కొత్త పతకం మెళ్ళో వేసుకుని మరీ వచ్చి కుర్చీ ముందు నిలబడింది. జిమ్ అదిరేలా అరిచింది.

"గోడ తాతా! నిన్న గెలిచాను. నా అదృష్టం, అవతల మీరు లేరు!"

గోడ మామయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. పతకాన్ని చూశాడు, ఆ పిల్ల భుజాలని చూశాడు, పాదాలని చాలాసేపు చూశాడు.

"ఈ పిల్లతో కష్టంరా," అన్నాడు.

బాబాయి కంగారుపడిపోయాడు. "కష్టమేంట్రా? ఏం మాట్లాడుతున్నావు? మూడో రౌండులో నీదే!"

"లేదురా. కాళ్ళు చూడు."

"కాళ్ళకేం! నువ్వొక్కటిచ్చుకుంటే..."

"నాకు అందదురా."

జన్మలో మొదటిసారి బాబాయికి మాట అందలేదు. సాయం కోసం కోచమ్మ వైపు చూశాడు. కోచమ్మ మాప్ పక్కన పెట్టి వచ్చింది. "అదేం లేదు మామయ్యా, నేను కోచ్‌ని చెప్తున్నాగా. మూడో రౌండు దాకా ఈ పిల్ల గెంతుతుంది, ఆ తర్వాత మీదే," అంది, తనకున్న గొంతంతా పెట్టి.

"కోచ్ చెప్పాక ఇంకేముంది," అన్నాడు గోడ మామయ్య. టీ గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. సగం చొక్కా మీద ఒలికింది, మిగతా సగం తాగాడు.

బాబాయి మళ్ళీ ప్రాణం వచ్చినవాడిలా టీవీ పెట్టడానికి లేచి వెళ్ళాడు. కోచమ్మ వంగి ఆ చొక్కా తుడుస్తుంటే, గోడ మామయ్య ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. ఆ రోజు కళ్ళు తేటగా ఉన్నాయి.

"అమ్మాయ్, వాడితో చెప్పకేం," అన్నాడు గుసగుసగా. "వాడికి నేను గెలిస్తే సంతోషం. గంట కొట్టుకుంటూ బతికాడు, పాపం, వాడికి వేరే గెలుపేముంది? అందుకని కాదనను. కానీ రోజూ గెలిచి గెలిచి ఒళ్ళు హూనమైపోతోందమ్మా."

కోచమ్మకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు కావడంతో ఎక్కడ ఆపాలో తెలియక మోకాళ్ళు పట్టుకుని అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

"ఒరేయ్ గోడా!" టీవీ దగ్గర్నించి బాబాయి కేక. "తయారవరా, కొత్తవాడెవడో వచ్చాడు!"

గోడ మామయ్య ఒక్క నిట్టూర్పు విడిచి, కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. వణికే పిడికిళ్ళు రెండూ గడ్డం దాకా ఎత్తాడు.

"రమ్మను," అన్నాడు. "తొందరగా కానిచ్చేద్దాం."