ఏనుగు చెవులకు సరైన మాట

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వానాకాలం మొదట్లో, గచ్చిబౌలిలోని మా కంపెనీ నన్ను పిల్లలు బొమ్మలు గీసే యాప్‌కు తెలుగు సమీక్షకుడిగా వేసింది. యాప్‌లోని ఇంగ్లీషు మాటలన్నీ ఒక షీటులో వరసగా వస్తాయి. అనువాదకులు తెలుగు చేస్తారు, సమీక్షకుడు ఆమోదిస్తాడు. ఏ మాట స్క్రీన్ మీద ఎక్కడ కనిపిస్తుందో ఇద్దరికీ తెలియదు. దీన్ని మేం పద్ధతి అనేవాళ్లం.

ఒక వరసలో ‘ఇమాజినేటివ్’ అని ఉంది. పదకోశం ప్రకారం దానికి ‘సృజనాత్మక ఊహాశక్తి కలవారు’. ఆ పదకోశం ఖాయం చేసింది నేనే. దాని గాంభీర్యానికి అప్పట్లో ముచ్చటపడ్డాను కూడా.

అనువాదకురాలు పద్మజది కాకినాడ. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. పదకోశం మీద ఎవరు అభ్యంతరం పెడితే, జరిగిన ఆలస్యం వాళ్ల పేరున పడుతుంది. ఆమె అప్పటికే మూడుసార్లు పెట్టింది. నాలుగోసారి పెడితే ఉద్యోగం ఖాయం కాదని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. శుక్రవారం నాలుగింటికి ఫైలు వెళ్లాలి. మూడింటికి ఆమె నా దగ్గరికొచ్చింది.

“సార్, ఇది ఆరేళ్ల పిల్లలకండి. చదవడం పూర్తయ్యేసరికి వాళ్లకి ఏడో ఏడు వచ్చేస్తుందండి.”

“మరి ఏమందాం?”

“తెలీదండి. అసలు మీరు స్క్రీన్ చూశారా?”

చూడలేదు. మూడు వారాలుగా మాలో ఎవరూ చూడలేదు. పద్మజ టెస్టింగ్ వాళ్ల ఫోను అడిగి తెచ్చింది. ఎవరో పాప ఏనుగుకు చెవులున్న చోట రెండు గొడుగులు గీసింది. కింద మెచ్చుకోలు మాట కనిపించే చిన్న బిళ్లలో చోటు చాలక, నా పదం ‘సృజనాత్మక ఊ...’ దగ్గర ఆగిపోయింది.

మా మూడో అంతస్తు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ యాదమ్మ అటుగా వెళ్తూ, వంగి చూసి ఫక్కున నవ్వింది.

“చెవులే గొడుగులా! ఇగ దీనికి వానతోని ఫికర్ లేదు. ఎట్ల తోచిందే బిడ్డా నీకు!”

ఆ చివరి మాట మాతో కాదు, బొమ్మ గీసిన పాపతో.

నేను ఆ మాటను కాగితం మీద రాసుకున్నాను.

“సార్! ‘భలే తోచింది నీకు!’ అంతేనండి!” అంటూ పద్మజ కుర్చీలోంచి లేచి నిలబడింది.

అభ్యంతర పత్రం నా పేరున నింపాను. తప్పు నాదే కాబట్టి అందులో ఉదారత ఏమీ లేదు. ఫైలు నాలుగూ పదికి వెళ్లింది. ఆలస్యం నా ఖాతాలో పడింది, పద్మజ ఉద్యోగం ఖాయమైంది. మారిన బిళ్ల చూపిస్తే యాదమ్మ, “గింత మాటకు మీరిద్దరు గావాల్నా సార్?” అంది.

ఆ ఉదంతంతో నాకు తెలిసింది ఇంతే: ఊహను మెచ్చుకునే మాటను, ఆ ఊహను చూడకుండా ఎంచకూడదు. పదకోశంలో ‘ఎవరి వాడుక’ అనే గడి ఒకటి చేర్చాను. అందులో మొదటి నమోదు: యాదమ్మ, మూడో అంతస్తు.