అత్తమ్మ కాలు

ఇవాళ నా రెండు కాళ్లూ సమంగా ఉన్నాయంటే దేవుడి దయ, మా అత్తమ్మ కాలి దయ. ఆమెది బోదకాలు. వడోద్ అనే ఊళ్లో మా గల్లీకి బోదకాలు రాకుండా మాత్రలు పంచేవాళ్లు వస్తే, ఆ కాలు గడప మీద చాపుకొని కూర్చునేది. మింగితే జ్వరం వస్తుందని అందరూ అనడంతో, కొత్త కోడలినైన నేను భయపడి వద్దన్నాను.

“నేను గోలీలు మింగలే, నాకు ఒక్కనాడు జరం రాలే బిడ్డా. ఒంట్ల పురుగులను కిరాయి లేకుండ ఉంచుకున్న. సూడు, ఇల్లు ఎంత పెద్దగ కట్టుకున్నయో!” అని కాలు చూపించింది.

మింగాను. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. లోపల పురుగులు చస్తుంటే అలాగే వస్తుందట. అత్తమ్మ దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టి, ఒక ముక్క నా చేతిలో పెట్టింది.

“జరం మంచిగొచ్చింది బిడ్డా,” అంది.