ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన చోటు

మాస్టారు షాపు మెట్లెక్కుతుంటే మెకానిక్ చేతిలోని సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టలేదు. మాస్టారి భార్య, తన అక్క పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచీ బావా, తనూ ఉప్పూ నిప్పూ. ఎదురుపడితే మాస్టారు రోడ్డు దాటేవాడు.

"నువ్వు చేసిందే" అంటూ ఒక రేకు డబ్బాను బల్ల మీద పడేశాడు మాస్టారు. చెవులు మందగించిన బావ కోసం ఒకప్పుడు మెకానిక్ తయారుచేసి ఇచ్చిన హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ అది. "వారానికి రెండు బ్యాటరీలు మింగుతోంది. మీ అక్క మాట మధ్యలోనే నీరసపడిపోతోంది. కరెంటుతో నడిచేలా చెయ్."

మాస్టారు వినేదేమిటో మెకానిక్‌కు తెలుసు. ఆసుపత్రికి వెళ్ళేముందు అక్క ఇంటి సంగతులన్నీ భర్తకు చెబుతూ నింపిన క్యాసెట్. ఆమె గొంతు మిగిలింది అందులోనే. ఒక్కసారి వినిపించమని ముగ్గురి చేత కబురంపినా లాభం లేకపోయింది.

"క్యాసెట్ కూడా తెస్తే సరిచూసి ఇచ్చేవాణ్ణి, బావా."

"ఎందుకు తేవాలి? మూడు రోజులు మీ అక్క నీకోసం తలుపు వంకే చూసి చూసి పోయింది. నువ్వేమో ఎవడిదో టీవీ విప్పుకుని కూర్చున్నావ్."

మెకానిక్ తన చెవితో వినందే ఏ వస్తువునూ బల్ల దాటనివ్వని మనిషి. ఇంటి కరెంటును తగ్గించి ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను విడిగా, మూరెడు దూరంలో పెట్టాలనీ, దగ్గర పెడితే గుయ్‌మనే రొద తీగల్లోకి ఎక్కుతుందనీ తెలియనివాడు కాదు. తెలిసీ దాన్ని అదే డబ్బాలో, ప్లేయర్ నుంచి వచ్చే తీగ పక్కనే బిగించాడు. రేడియోలో హోరెత్తే పాట పెట్టి వినిపించాడు. రొద పాట చాటున దాక్కుంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఊగిపోతూ వచ్చాడు. "కందిరీగల తుట్టె ఇచ్చావేంరా!"

"ఇక్కడ బాగానే ఉందిగా. నీ ప్లేయర్‌తో, నీ క్యాసెట్‌తో వింటే తప్ప చెప్పలేను."

మాస్టారు పళ్ళు కొరికాడు. "రా, ఇంటికొచ్చి విని ఏడు."

ఇంట్లో ఉన్న రెండు కుర్చీల నిండా మడతపెట్టని బట్టలే. కూర్చోమన్న మాట లేదు. మెకానిక్ నిలబడే హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. రొద. దాని వెనకెక్కడో అక్క. "గ్యాస్ వాసనొస్తే ముందు కిటికీ తెరవండి, తర్వాత తిడుదురుగాని నన్ను." నవ్వు. అంతలో గొంతు దించి, "తమ్ముడు..." అంది. తర్వాతి మాటలను రొద మింగేసింది. వెనక్కి తిప్పాడు. మళ్ళీ అంతే.

గబగబా ప్లగ్ పీకి, ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి, సంచిలోంచి ఇంకో డబ్బా తీసి అందులో బిగించి, పొడుగు తీగతో కలిపాడు. ప్లగ్ పెట్టి హెడ్‌ఫోన్ కోసం చెయ్యి చాచేలోగా మాస్టారు దాన్ని లాక్కున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"పోయింది."

"ఒక్కసారి ఇవ్వు బావా. సరిచూడాలి."

"నాకున్నాయి చెవులు."

"తమ్ముడు అని ఏదో అంది. ఏమంది?"

"నువ్వూ విన్నావుగా?"

"రొదలో..."

"పది నిమిషాల్లో పోయింది రొద. అంత తేలికైంది నిన్న తెలీలేదా నీకు?"

మెకానిక్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మాస్టారికి ఆ మొహం చాలింది. వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచాడు.

"బావా, తప్పే. ఆ ఒక్క ముక్క..."

మాస్టారు అప్పటికే హెడ్‌ఫోన్ పెట్టుకుని గోడవైపు తిరిగాడు. ఇక అరిచినా వినపడదు.