నూలు ధర వెనక్కి వస్తుందా

సోలాపూర్ నీలం నగర్‌లో మా ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు ఉండేవి. నాలుగూ తువ్వాళ్ళు నేసేవి. నూలు ధర ఒక్కసారిగా ఎగిరి అక్కడే కూర్చున్నాక మూడు ఆగిపోయాయి. నాలుగోదాని మీద పడుగు అయిపోవస్తోంది. సాంచాలను ఇనుము కింద తూచి కొనే భంగార్‌వాలా మర్నాడు పొద్దున వస్తానన్నాడు.

ఆ సాయంత్రం బాపు నన్ను అడిగింది ఒకటే.

"బిడ్డా, నువ్వు చదివింది గీ లెక్కలే గదా. నూలు భావ్ మల్ల పాత జాగాకు వస్తదా, ఇగ గిదే దాని జాగానా?"

కాలేజీలో నేను చెప్పే పాఠం సరిగ్గా అదే. దెబ్బ తిన్న ధర కొన్నాళ్ళకు పాత మట్టానికి తిరిగొస్తుందా, తగిలిన ప్రతి దెబ్బనూ మోసుకుంటూ పోతుందా అని చూసే యూనిట్ రూట్ పరీక్ష. బాపు ఇన్నేళ్ళూ నూలు కొన్న ధరలను కంప్యూటర్‌కు ఎక్కించాను. తిరిగొస్తుందనే వచ్చింది. బాపు వెంటనే భంగార్‌వాలాను వద్దనడానికి ఫోన్ తీశాడు.

"ఆగు బాపు," అన్నాను.

భయం వేసింది. ఫలితాన్ని పోల్చి చూసే పట్టిక, దెబ్బలు ఓ మోస్తరుగా ఉంటాయని నమ్మి వేసింది. వేసినవాళ్ళు సోలాపూర్‌లో ఎప్పుడూ నూలు కొని ఉండరు. మా ధర నెలల తరబడి కదలదు, కదిలిందంటే కొంప ముంచుతుంది. అందుకని పట్టికను పక్కన పెట్టాను. ధర వెనక్కి రాదనే అనుకుని, అవే దెబ్బలను కొన్ని పైకి, కొన్ని కిందికి మార్చి మార్చి కొత్త వరుసలు కట్టించాను. వెనక్కి రాని ఆ వరుసల్లోనూ ఎన్నో అచ్చం మా ధరలాగే తిరిగొస్తున్నట్టు కనిపించాయి. అంటే నా మొదటి జవాబుకు విలువ లేదు.

అమ్మ కండెలు చుట్టడం ఆపి నా మొహం చూసింది. నాకు ఏడుపొచ్చింది.

"వస్తదని చెప్పలేను బాపు. రాదని గూడ చెప్పలేను."

"నీకు తెల్వదా, నీ లెక్కకు తెల్వదా?"

"లెక్కకే తెల్వదు."

బాపు లేచి నడుస్తున్న సాంచాను ఆపేశాడు. అమ్మేసేవాళ్ళెవరూ అలా ఆపరు, పడుగు చివరిదాకా నేసి ఖాళీ చేస్తారు. మళ్ళీ నేద్దామనుకునేవాళ్ళే కొత్త పడుగు అతకడానికి పాత పోగుల కొసలు మిగులుస్తారు. అమ్మ ఆ కొసలు జారిపోకుండా గుత్తులుగా ముడి వేయసాగింది.

పొద్దున భంగార్‌వాలా మనుషులు మూడు సాంచాలను ఈడ్చుకెళ్ళారు. బాపు అటు చూడలేదు. నాలుగోదాని మీద పాత చద్దర్ కప్పి, అంచులు సరిచేస్తూ అన్నాడు.

"నువ్వు రాదని అంటివంటే దీన్ని గూడ ఇస్తుంటి బిడ్డా."