కుంకుమ గుర్తుల రామకోవెల

మలయాలో సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో మా రామకోవెల ఉండేది. తోట పటంలో కూలీల లైను ఇళ్ళున్నాయి, కోవెల లేదు. రోజూ రబ్బరు చెట్లకు పాలు గీసే పని ముగిశాక మావాళ్ళు సొంతంగా కట్టుకున్నది అది. చెక్క దూలాలు, రేకు కప్పు, సిమెంటు నేల.

తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీలో, అడవిలోని తిరుగుబాటుదార్లకు మా బియ్యం అందకూడదని, మమ్మల్నందరినీ ముళ్ళకంచె లోపలి కొత్త ఊరికి తరలించారు. మొదటి లారీలో ఎవరి సామానూ ఎక్కలేదు. విప్పిన కోవెల ఎక్కింది. మా నాయనమ్మ రోలుకు చివరి లారీలోనూ చోటు దొరకలేదు. ఆవిడ దాని ఊసే ఎత్తలేదు.

ఏ దూలం ఎక్కడిదో గుర్తులు పెట్టింది మా చిన్నతాత. దేవుడి ఇంటికి తారు పూయడానికి మనసొప్పక కుంకుమతో పెట్టాడు. దారిలో వాన పడి గుర్తులన్నీ కొట్టుకుపోయాయి. ఊహించి నిలబెడితే ఎడమ గోడ కుడిదానికన్నా జానెడు పొడుగొచ్చింది.

"బావా, రాముడు పక్కకొరిగి సూత్తన్నాడు. నీ కుంకుమ సలవే లా," మాట చివర అక్కడివాళ్ళ 'లా' తగిలించి అనేవాడు ఆయన బావమరిది, ప్రతి భజనకీ. చిన్నతాత నవ్వేవాడు. ఆ ఎడమ గోడవైపు మాత్రం చూసేవాడు కాదు.

మెర్డెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చింది. కర్ఫ్యూ పోయింది. కోవెలను సిమెంటుతో కట్టాలని ఊరు నిర్ణయించింది. నేనప్పటికి సర్వే పని, డ్రాయింగు నేర్చుకున్నాను.

"పాత సోటుకెల్లి కొలుద్దాం బాబూ. నా తప్పు ఈసారైనా సరవ్వాల," అన్నాడు చిన్నతాత.

ఇద్దరం వెళ్ళాం. లైను ఇళ్ళ చోట నడుమెత్తు లాలాంగ్ గడ్డి, ఇటుక పొయ్యిలు, వాన నీళ్ళతో నాయనమ్మ రోలు. కోవెల నేల నాచు కింద చెక్కుచెదరలేదు. స్తంభాల గుంటలు స్పష్టంగా ఉన్నాయి. నాలుగు వైపులా కొలిచాను, ఆపైన మూల నుంచి మూలకు. ఎడమ వైపు జానెడు ఎక్కువ. కుడి ముందు మూలను రాసుకుంటూ తోట మురుగు కాలవ ఏటవాలుగా పోతోంది. దాన్ని తప్పించడానికే కుడి గోడను కురచ చేశారు.

"తాతా, ఇది మొదట్నించీ ఇంతే."

"మళ్ళీ కొలిసి సూడు."

కొలిచాను. ఆయన కూడా వంగి జానలు వేసుకుంటూ వెళ్ళాడు.

"అయితే నాను సరింగానే నిలబెట్టినాను," అన్నాడు, నాతో కాదు.

పటం ఏ కొలతతో గీయాలని దారిలో అడిగాను. "ఉన్నదున్నట్టు గియ్యి," అన్నాడు. అలాగే గీశాను.

మేస్త్రీ పటాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏటి బాబూ, ఈ గోడ కురసైపోనాదేటి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా చిన్నతాత జవాబిచ్చాడు.

"అక్కడ కాలవున్నాది."